ఇంటి బరువులు, బ్యాటరీ ట్రక్కు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

దక్షిణ ఒడిశాలో గుణుపురం నుంచి జయపురం దాకా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చిన్న బ్యాటరీ ట్రక్కుల గురించే. లెక్క కోసం అన్ని జవాబుల్లోనూ ఒకే సైజు బండిని తీసుకున్నాం. టాటా ఏస్ ఈవీ మొదటి రకం: 21.3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, 600 కిలోల లోడు, కంపెనీ చెప్పే దూరం 154 కిలోమీటర్లు. కిలోవాట్ అవర్ అంటే మీ కరెంటు బిల్లులో యూనిట్టే కాబట్టి ఇక్కడ యూనిట్లనే రాస్తున్నాం. మీది వేరే బండైతే దాని ఆర్‌సీలో, బుక్కులో ఉన్న అంకెలు పెట్టుకుని ఇదే లెక్క వేసుకోండి.

మేడ మీద ఒక గది వేస్తున్నాం. మా తమ్ముడి దగ్గర బ్యాటరీ ట్రాలీ ఉంది. సిమెంటు, ఇసుక, ఇటుక అన్నీ దాంతోనే తోలుకుందామని అనుకుంటున్నాం. మేస్త్రి మాత్రం "డీజిల్ బండి మీద ఇరవై బస్తాలు వేసేవాళ్లం, దీని మీదా పడతాయి" అంటున్నాడు. వేయొచ్చా?
— గుణుపురం నుంచి ఒక పాఠకుడు

వేయకండి. ఇరవై బస్తాలంటే వెయ్యి కిలోలు. తొట్టిలో చోటు ఉంటుంది, బండికి ఆ బలం రాసి లేదు. డీజిల్ బండి మీద ఎక్కువ వేస్తే అది మూలుగుతుంది, క్లచ్ వాసన వస్తుంది, డ్రైవరుకు వెంటనే తెలుస్తుంది. బ్యాటరీ బండి మోటారు మొదటి అడుగు నుంచే పూర్తి లాగుడు ఇస్తుంది కాబట్టి వెయ్యి కిలోలతో కూడా చప్పుడు లేకుండా కదిలిపోతుంది. మోసం అక్కడే. కదిలింది గదా అని నమ్మితే ముందు దెబ్బతినేవి వెనక కమానులు, వెనక టైర్ల పక్కలు, చక్రాల బేరింగులు. ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు, దాని కంట్రోలరు వేడెక్కి, బండి తనంతట తానే పవర్ తగ్గించేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం బ్రేకు. 600 కిలోలకు చేసిన బ్రేకు వెయ్యి కిలోల్ని అంత దూరంలో ఆపలేదు. పట్టుబడితే మోటారు వాహన చట్టం 194వ సెక్షన్ కింద రూ.20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో రూ.2,000. అదనపు బరువు అక్కడే దింపిస్తారు, ఆ ఖర్చూ మీదే.

ఆర్‌సీ తీసి గ్రాస్ వెయిట్ (లోడుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు) లోంచి అన్‌లాడెన్ వెయిట్ (ఖాళీ బండి బరువు) తీసేయండి. మిగిలినదాంట్లోంచే డ్రైవరు, పక్కన కూర్చునే కూలీ బరువు పోవాలి. వాళ్లిద్దరే 130 కిలోలు ఉంటారు. చాలామంది ఇది మరిచిపోతారు. ఆ తరవాత సరుకుకు 600 కిలోలు మిగిలిందనుకుంటే, వేటికి ఎంతెంత?

సిమెంటు బస్తా 50 కిలోలు. పన్నెండుతో అంచుకు వస్తుంది, పదకొండు దగ్గర ఆపండి. ఎండు ఇసుక ఒక ఘనపుటడుగు 45 కిలోలు, వానకు తడిసింది 55 దాకా తూగుతుంది. అంటే ఎండుదైతే 13 అడుగులు, తడిదైతే 11. ఏడడుగుల పొడవు, నాలుగు ముప్పావు అడుగుల వెడల్పున్న తొట్టిలో ఇది అడుగున అయిదంగుళాల మందం కూడా రాదు. తడి ఇసుకైతే నాలుగంగుళాలే. చూస్తే బండి ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది, "ఇంకో పది తట్టలు వెయ్యండి" అనాలనిపిస్తుంది. తొట్టి లోపలి గోడకు నాలుగంగుళాల దగ్గర ఒకటి, అయిదంగుళాల దగ్గర ఒకటి పెయింటుతో గీత పెట్టించండి. లోడు చేసే కూలీలతో వాదన తప్పుతుంది. 20 ఎంఎం కంకర అడుగుకు 42 కిలోలు, ఇసుక లెక్కే దానికీ సరిపోతుంది. ఇటుక ఒక్కోటి సుమారు మూడు కిలోలు, కాబట్టి 200. అయితే బట్టీని బట్టి ఇటుక మారుతుంది, వానాకాలంలో నీళ్లూ తాగుతుంది. పది ఇటుకల్ని కిరాణా కాటా మీద పెట్టి తూచాకే లెక్క కట్టండి.

ఒక యూనిట్ ఇసుక, అంటే వంద ఘనపుటడుగులు, మీ బండికి ఎనిమిది ట్రిప్పులు, తడిదైతే తొమ్మిది పైనే. అది ట్రాక్టరు పని. ఇసుక, కంకర, ఇటుక ట్రాక్టరు మీద తెప్పించుకోండి. ఒడిశాలో ఇసుక తోలే బండి దగ్గర వై ఫారం, అంటే రవాణా పాస్, ఉండాలి కాబట్టి ఆ కాగితం బాధ్యత కూడా ట్రాక్టరు వాళ్లకే వదిలేయండి. మీ తమ్ముడి బండి సిమెంటుకు, టైల్సుకు, వైరింగు సామాన్లకు, తలుపు చెక్కలకు, రోజూ అయిదారు బస్తాలు అవసరమయ్యే పనికి చక్కగా సరిపోతుంది. సిమెంటు ఒకేసారి తెచ్చి వానలో గడ్డ కట్టించుకునే కంటే, మూడు రోజులకోసారి పది బస్తాలు తెచ్చుకోవడమే మేలు. బండి మీదున్నా గదిలో ఉన్నా బస్తాల కింద చెక్క వేయడం మాత్రం మరవొద్దు.

ఎలా పేర్చాలన్నది మరో సంగతి. బరువు వెనక ఇరుసుకు కాస్త ముందుగా, క్యాబిన్ గోడకు ఆనించి మొదలుపెట్టాలి. బస్తాలు దింపడానికి సులువని వెనక తలుపు దగ్గర పేర్చితే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగు చేతిలో గాలిలా తిరుగుతుంది. సమతల రోడ్డు మీద తెలియదు, గట్టు ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

చార్జింగు పెట్టిన గంటకే ప్లగ్గు కాలిపోతున్న వాసన. సాకెట్ రెండుసార్లు మార్చాం. సాయంత్రమైతే ఫ్యాను కూడా మెల్లగా తిరుగుతుంది, అప్పుడు చార్జరు ఆగిపోతుంది. తప్పు బండిదా, కరెంటుదా?
— రాయగడ దగ్గర పల్లె నుంచి ఒక పాఠకురాలు

బండిది కాదమ్మా. మీకున్నవి రెండు జబ్బులు, రెంటినీ విడివిడిగా చూడాలి.

మొదట వాసన సంగతి. గీజరు పావుగంట తిరిగి ఆగుతుంది. ఈ చార్జరు 13 ఆంపియర్లు ఏడెనిమిది గంటలు ఆపకుండా లాగుతుంది. సాకెట్ లోపల పట్టు కాస్త వదులై అయిదో వంతు ఓమ్ అడ్డంకి వచ్చిందనుకోండి, 13ని 13తో గుణించి అయిదో వంతు తీస్తే దాదాపు 34 వాట్లు. అంటే మంచి సోల్డరింగు ఐరన్‌ను సాకెట్ డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేసినట్టే. సాకెట్ మార్చినా వెనక వైరు సన్నగా, స్క్రూ కింద పోగులు విడిపోయి ఉంటే మళ్లీ అదే అవుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడుతుంటే ఇవాళే ఆపేయండి.

ఎలక్ట్రీషియన్‌తో ఇలా చేయించండి. మెయిన్ బోర్డు నుంచి చార్జింగు దగ్గరకు మధ్యలో ఎక్కడా జాయింటు లేకుండా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ. దానికి వేరే 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్). ఆర్‌సీసీబీ ‘ఏ టైపు’ అడగండి. కొట్లో మామూలుగా ఇచ్చేది ‘ఏసీ టైపు’, అది చార్జరు లీకేజీని సరిగా పట్టదు. చివర మంచి కంపెనీ 16 ఆంపియర్ల సాకెట్, వర్షం పడని చోట, నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో. సర్వీసు వైరు అల్యూమినియం అయితే రాగితో మెలిపెట్టి టేపు చుట్టడం కాదు, రెండు లోహాలకూ సరిపోయే బైమెటల్ లగ్గు వేయాలి. మొదటి రోజు చార్జింగు పెట్టిన అరగంటకు, గంటకు సాకెట్ పలకను చేత్తో తాకి చూడండి. గోరువెచ్చన ఫరవాలేదు, చెయ్యి నిలపలేనంత వేడుంటే ఆపి విప్పి చూడాలి.

ఎర్త్ గురించి మన పల్లెల్లో పట్టింపు తక్కువ. ఎనిమిదడుగుల లోతు గొయ్యి, జీఐ పైపు, బొగ్గు, ఉప్పు, ఎండాకాలంలో వారానికి రెండు బిందెల నీళ్లు. మీటరు పెట్టి ఎర్త్‌కూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజి కొలవమనండి. 3 వోల్టులు దాటితే చాలా చార్జర్లు మొరాయిస్తాయి. చార్జరు చెడిందని సర్వీసు సెంటరుకు పంపే వాటిలో ఇలాంటివి తక్కువేం కాదు.

ఇక సాయంత్రం ఆగిపోవడం. చార్జరు ఆపి ఒకసారి, నడుస్తుండగా ఒకసారి, ప్లగ్గు దగ్గరా మీటరు దగ్గరా వోల్టేజి చూడండి. చార్జరు పెట్టగానే ప్లగ్గు దగ్గర పడిపోయి మీటరు దగ్గర నిలబడితే లోపం మీ ఇంటి వైరింగులో. మీటరు దగ్గరా పడిపోతే లైనులో, ట్రాన్స్‌ఫార్మరులో. మీ జిల్లా దక్షిణ ఒడిశా కరెంటు కంపెనీ టీపీఎస్‌ఓడీఎల్ కిందికి వస్తుంది, రెండు పూటలా కొలిచిన అంకెలు రాసి సెక్షన్ ఆఫీసులో ఇవ్వండి. "కరెంటు తక్కువగా ఉంది" అనే మాట కన్నా "రాత్రి 7.30కి 172 వోల్టులు" అన్న కాగితం వాళ్లను కదిలిస్తుంది. దాంతోపాటే ఇంటి కాంట్రాక్టు లోడు, అంటే మీ ఇంటికి మంజూరైన కిలోవాట్లు, చూసుకోండి. ఒకటి రెండు కిలోవాట్లే ఉంటే, మూడు కిలోవాట్ల చార్జరు కలిపి లోడు పెంచమని దరఖాస్తు పెట్టాల్సిందే.

ఫ్రిజ్ స్టెబిలైజరు దీనికి పనికిరాదు, అయిదు కేవీఏది కావాలి. అదీ లైనులోంచి ఇంకా ఎక్కువ ఆంపియర్లు లాగి పక్కింటివాళ్ల ఫ్యాను ఆపేస్తుంది. దానికి డబ్బు పెట్టొద్దు. రాత్రి పదకొండుకు చార్జింగు పెట్టి పొద్దున ఆరింటికి తీయండి. ఆ వేళకు ఊళ్లో మోటార్లు, టీవీలు ఆగి వోల్టేజి పైకి వస్తుంది. చార్జరులో 10 ఆంపియర్ల సెట్టింగు ఉంటే అది పెట్టుకోండి, గంటలు పెరిగినా వేడి దాదాపు నలభై శాతం తగ్గుతుంది.

సాలూరులో సామాను కొని సుంకి ఘాట్ మీదుగా కొరాపుట్ తేవాలి. 70 కిలోమీటర్ల చిల్లర. బండి 154 వెళ్తుందంటున్నారు గదా, ఒక్క చార్జింగుతో వెళ్లి రావచ్చా?
— కొరాపుట్ నుంచి ఒక పాఠకుడు

కొరాపుట్ నుంచి ఖాళీగా దిగి, సాలూరులో ఫుల్ చార్జింగు పెట్టుకుని, లోడుతో ఎక్కి రావచ్చు. మధ్యలో చార్జింగు లేకుండా మాత్రం కుదరదు. 154 అనేది పరీక్షలో, నిర్ణీత వేగంతో, సమతలం మీద వచ్చిన అంకె. బ్యాటరీ యూనిట్లను దానితో భాగిస్తే కిలోమీటరుకు 0.14 యూనిట్. నిండు లోడుతో, గతుకులతో, లారీల వెనక ఆగుతూ కదులుతూ వెళ్లేటప్పుడు 0.2 లెక్క వేసుకోవడం క్షేమం. ఆ లెక్కన 70 కిలోమీటర్లకు 14 యూనిట్లు.

ఘాట్ ఖర్చు దీనికి అదనం. సాలూరుకూ కొరాపుట్‌కూ మధ్య ఎత్తు తేడా సుమారు 750 మీటర్లు. లోడుతో, మనుషులతో కలిపి 1,850 కిలోల బండిని అంత ఎత్తుకు లేపడానికి 3.8 యూనిట్లు కావాలి. మోటారు, గేర్ల దగ్గర పోయేది కలిపితే 4.4. మొత్తం 18.4. మీ బ్యాటరీయే 21.3. అంటే ఊరు చేరేసరికి 14 శాతం మిగులుతుంది. ఆ స్థాయిలో చాలా బండ్లు పవర్ తగ్గించేస్తాయి, పొట్టంగి దాటాక ఏ చిన్న గట్టు దగ్గరో 20 కిలోమీటర్ల వేగంతో పాకాల్సి వస్తుంది. గంటకు 40 దాటకుండా, ఊరికే బ్రేకు తొక్కకుండా వస్తే కిలోమీటరు ఖర్చు 0.17కి దిగుతుంది. అప్పుడు మొత్తం 16.3 యూనిట్లు, అయిదు యూనిట్లు చేతిలో ఉంటాయి. లోడు 400 కిలోలకు తగ్గించుకుంటే ఇంకా నిశ్చింత. సాలూరులో బేరం కుదిరే రెండు మూడు గంటలు సరిపోవు. ఖాళీగా దిగినా పది యూనిట్ల పైనే ఖర్చవుతుంది, మామూలు సాకెట్ గంటకు మూడు యూనిట్లకు మించి ఇవ్వదు. రాత్రి అక్కడ ఆగే వీలు, ప్లగ్గు ఇచ్చే చుట్టాలు ఉంటేనే ఈ ప్రయాణం పెట్టుకోండి.

దిగేటప్పుడు జాగ్రత్త వేరు. యాక్సిలరేటరు వదిలితే మోటారే జనరేటరై బండిని ఆపుతూ బ్యాటరీలోకి కరెంటు పంపుతుంది. కానీ బ్యాటరీ నూటికి నూరు నిండి ఉంటే ఆ కరెంటు ఎక్కడికి పోతుంది? బండి ఆ పని మానేస్తుంది, ఆపే భారమంతా కాలి బ్రేకు మీద పడుతుంది. అందుకే ఘాట్ దిగే రోజు కొరాపుట్‌లో 90 శాతం దగ్గర చార్జింగు తీసేయండి. ఖాళీ బండి ఆ ఘాట్ దిగితే తిరిగి దొరికేది ఒకటిన్నర యూనిట్ మించదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. బ్రేకు చల్లగా ఉండటమే అసలు లాభం. డీజిల్ బండ్ల మీద నూనె మిగల్చడానికి న్యూట్రల్‌లో దింపే అలవాటు కొందరికి ఉంది. బ్యాటరీ బండిని న్యూట్రల్‌లో పెడితే మోటారు బ్రేకింగు పూర్తిగా పోతుంది, పైసా మిగలదు.

ఇనుప చువ్వలు, ఇరవై అడుగుల పైపులు, ప్లైవుడ్, బీరువా, ఫ్రిజ్... వీటిలో ఏవి వేసుకోవచ్చు?
— జయపురం నుంచి ఒక పాఠకుడు

చువ్వలు వద్దు. పూర్తి చువ్వ 12 మీటర్లు. కొట్లో రెండుగా మడిచినా ఆరు మీటర్లు, మీ తొట్టి రెండు మీటర్ల పైచిలుకు. బయటికి పొడుచుకొచ్చే చువ్వలతో బండి నడపడాన్ని 2014లో కేంద్ర మోటారు వాహన నియమాలు సవరించి నిషేధించారు. వెనక ఎర్రగుడ్డ కట్టినా కుదరదు. తొట్టి దాటిన సరుకుకు జరిమానా కూడా రూ.20,000. మేస్త్రితో కటింగు జాబితా రాయించి, కొట్లోనే రింగులకు 8 ఎంఎం ముక్కలు కోయించుకుంటే అవి మాత్రం మీ బండిలో వస్తాయి. బరువు తెలుసుకోవాలంటే చువ్వ మిల్లీమీటర్ల వర్గాన్ని 162తో భాగించండి, మీటరుకు కిలోలు వస్తాయి. 12 ఎంఎం అయితే 144ని 162తో భాగిస్తే 0.89.

పీవీసీ పైపుల్ని పదేసి అడుగులు కోయించినా తొట్టి దాటతాయి, కొట్టువాళ్ల పెద్ద బండికే వదిలేయండి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ ఏడడుగుల తొట్టిలో ఏటవాలుగా ఇముడుతుంది. ముందు అంచు నాలుగడుగులు పైకి లేచేలా క్యాబిన్ వెనక కమ్మీకి ఆనించాలి. అడుగున గాలి దూరి లేపుతుంది కాబట్టి కింది అంచు దగ్గర కూడా బెల్టు పడాలి. నైలాన్ తాడు సాగుతుంది, రాచెట్ బెల్టులు రెండు కొనుక్కోండి. కట్టాక అయిదు కిలోమీటర్ల దగ్గర ఆగి మళ్లీ బిగించండి. బీరువాను వెల్లకిలా పడుకోబెట్టండి, నిలబెడితే మలుపులో బండినే లాగుతుంది. ఫ్రిజ్‌ను మాత్రం నిలబెట్టే తేవాలి. తప్పనిసరై పడుకోబెడితే, ఇంటికొచ్చాక నిలబెట్టి కనీసం పడుకున్నంతసేపు ఆగి, అప్పుడు స్విచ్ వేయండి. కంప్రెసరు నూనె గొట్టాల్లోంచి వెనక్కి దిగాలి.

ఇంటి అవసరాలకే ఒకటి కొందామని ఉంది. నెలలో నాలుగైదుసార్లు పొలానికి, బజారుకు, అమ్మాయి ఇంటికి. కిరాయి బండి కంటే లాభమా?
— పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు

లాభం కాదు. కిలోమీటరుకు 0.2 యూనిట్, చార్జరులో పోయేది కలిపి 0.22. యూనిట్ ఆరు రూపాయల లెక్కన రూపాయి ముప్ఫై పైసలు. అదే సైజు డీజిల్ బండి లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చి, డీజిల్ 95 రూపాయలైతే అయిదు రూపాయల ముప్ఫై పైసలు. కిలోమీటరుకు నాలుగు రూపాయలు మిగులు. మీరు చెప్పిన తిరుగుడు ఏడాదికి 3,000 కిలోమీటర్లు అనుకుందాం, మిగిలేది రూ.12,000. సరుకు బండి బీమాకే అది చాలదు, ఆపై మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, తరవాత ఏటా ఫిట్‌నెస్. రోజుకు 60 కిలోమీటర్లు తిరిగే కిరాణా కొట్టు, కూరగాయల వ్యాపారం, పాల సేకరణ ఉంటే, ఏడాదికి 300 రోజుల లెక్కన రూ.72,000 మిగులుతుంది. అప్పుడు అర్థముంది. అన్నదమ్ములు ముగ్గురు కలిసి కొని, ఒకరి కొట్టుకు నడుపుతూ మిగతావాళ్లు ఇంటికి వాడుకోవడం మీ తిరుగుడుకు సరైన దారి.

అయినా కొంటానంటే ఒక మాట. ఊరికే నిలబెట్టిన బండిలో ముందు చచ్చేది పెద్ద బ్యాటరీ కాదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది దిగిపోతే పెద్దది నిండుగా ఉన్నా బండి మేల్కొనదు. పది రోజులకోసారైనా కాసేపు నడపండి. నెలల తరబడి ఆపాల్సి వస్తే పెద్ద బ్యాటరీని సగం దగ్గర ఉంచండి. రోజూ వాడేటప్పుడు మాత్రం వారానికోసారి నూరు శాతం నింపాలి. ఈ బండ్లలో ఎక్కువగా వాడే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీల వోల్టేజి మధ్యలో పెద్దగా మారదు కాబట్టి, పూర్తిగా నిండితే తప్ప మీటరు సరైన శాతం చూపించలేదు. "30 శాతం ఉండగా ఆగిపోయింది" అన్న ఫిర్యాదులకు తరచు ఇదే కారణం.

లైసెన్సు, పర్మిట్ సంగతి చెప్పండి. పెళ్లి సామాన్లతోపాటు నలుగురు మనుషుల్ని ఎక్కించవచ్చా?
— బరంపురం నుంచి ఒక పాఠకురాలు

కారు లైసెన్సు, అంటే ఎల్‌ఎంవీ, చాలు. 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి వేరే ఎండార్స్‌మెంటు అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. బ్యాటరీ రవాణా బండ్లకు పర్మిట్ అవసరం లేదని కేంద్రం 2018లోనే ప్రకటించింది. నంబరు ప్లేటు ఆకుపచ్చ, అక్షరాలు పసుపు. సొంత కార్లకుండే తెల్ల అక్షరాలు దీనికి వేయించకూడదు. తొట్టిలో మనుషులు మాత్రం కూడదమ్మా, ఒక్కరైనా. ప్రమాదం జరిగితే వాళ్లకు బీమా సొమ్ము రావడమే కష్టమవుతుంది.

తుపాను వస్తే నాలుగైదు రోజులు కరెంటుండదు. తిత్లీకి ఇంకా ఎక్కువే. అమెరికాలో మా అల్లుడు పికప్ ట్రక్కుతో ఇల్లంతా వెలిగించుకోవచ్చంటున్నాడు. మన బండితో కుదురుతుందా?
— గజపతి జిల్లా నుంచి ఒక పాఠకుడు

మీ అల్లుడు చెప్పింది నిజమే. ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ అనే ట్రక్కు 2022లో అమ్మకానికి వచ్చింది, దాని తొట్టిలోనే ప్లగ్గులు ఉంటాయి, పెద్ద రకం 9.6 కిలోవాట్ల దాకా ఇస్తుంది. దాని బ్యాటరీ రకాన్ని బట్టి మన బండికి నాలుగున్నర నుంచి ఆరు రెట్లు. మన చిన్న సరుకు బండ్లలో సాధారణంగా కరెంటు బయటికిచ్చే ఏర్పాటు ఉండదు. కొనేటప్పుడే అడగండి, బుక్కులో రాసి ఉంటేనే ఉన్నట్టు. లేనిదాన్ని ఊరి మెకానిక్‌తో పెట్టించుకోవద్దు. ఆరెంజ్ రంగు కేబుళ్లలో ఉండేది మనిషిని నిలువునా చంపే డీసీ. 12 వోల్టుల ప్లగ్గులో ఫోన్లు చార్జింగు పెట్టుకోండి, అంతవరకే.

తుపానులో ఈ బండి వేరేలా పనికొస్తుంది. పెట్రోలు బంకులు ఆగిపోయినా, ముందు రోజు నింపి పెట్టుకున్న బ్యాటరీతో మంచినీళ్ల డబ్బాలు, బియ్యం, మందులు తెచ్చుకోవచ్చు. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే నూరు శాతం చేసి, చార్జరు ప్లగ్గు గోడ నుంచి పీకేయండి. పిడుగులకు కాలేది చార్జరే. చెట్టు కింద, రేకుల షెడ్డు పక్కన కాకుండా ఊళ్లో మెరక మీద నిలపండి.

వరద నీళ్ల గురించి గట్టిగా చెప్పాలి. బ్యాటరీ మీద ఐపీ67 అని రాసి ఉందంటే, మీటరు లోతు నిలకడ నీటిలో అరగంట పెట్టి పరీక్షించారని. వంశధార పొంగి కాలువలా పారే రోడ్డుకు ఆ పరీక్ష వర్తించదు. అడుగు లోతు పారే నీరు చిన్న బండిని తేల్చేయగలదు. బండి మునిగితే స్విచ్ వేయకండి, చార్జింగు పెట్టకండి. నీరు తీశాక ఇంటికీ గడ్డివాముకీ కనీసం యాభై అడుగుల దూరానికి తోయించి సర్వీసువాళ్లను పిలవండి. సముద్రపు ఉప్పునీరైతే ఇంకా ప్రమాదం. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయన్ తుపాను తరవాత ఉప్పునీటిలో మునిగిన బ్యాటరీ కార్లు రోజుల తరవాత అంటుకున్నాయి. గోపాలపురం ఒడ్డున ఉన్నవాళ్లకు ఇది మరీ వర్తిస్తుంది.

పొలానికి పశువుల గత్తం తోలాలి. బండికి చేటా?
— గుణుపురం దగ్గర నుంచి ఒక రైతు

బరువు సమస్య కాదు. ఎండిన గత్తం ఘనపుటడుగు 15 కిలోలు, తడిది 25. తొట్టి అడుగంతా ఎనిమిదంగుళాల మందాన పరిస్తే తడిదైనా 600 దాటదు. పశువుల మూత్రం ఇనుమును తింటుంది, చేటంతా దానితోనే. తొట్టిలో మందపాటి టార్పాలిన్ పరిచి, అంచులు గోడల మీదికి మడిచి వేయండి. దింపిన రోజే కడగాలి, మర్నాటికి ఉంచొద్దు. కడిగేటప్పుడు ప్రెజరు పైపును తొట్టి లోపలికే తిప్పండి. బండి అడుగున ఆరెంజ్ కేబుళ్లు, వాటి కనెక్టర్లు, చార్జింగు మూత దగ్గర బకెట్టు నీళ్లు, గుడ్డ చాలు. కడిగాక వెనక తలుపు దింపి ఎండలో రెండు గంటలు ఉంచి, కీళ్ల దగ్గర కాస్త గ్రీజు రాయండి.